గడప దాటిన ఆకు

కోవిల్‌పట్టి పక్క పల్లెలో వీరమ్మాళ్ ఎదుట సారాయం మాటెత్తాలంటే మీసాలున్న మగాళ్ళకే గొంతు తడారిపోయేది. మొగుణ్ణి ఆ తాగుడే మింగింది. అప్పటినుంచి నల్లరేగడిలో మిరప పండించి కూతురు సంగవిని చదివించింది. తాగినవాడు తినే ఆకు తన గడప లోపల పడకూడదని కట్టడి చేసింది. సొంత తమ్ముడు చెల్లసామి, సంగవికి చెవులు కుట్టిన రోజున తాగొచ్చి పంక్తిలో కూర్చుంటే, వడ్డించిన ఆకు ఎత్తి బయట తిన్నె మీద పెట్టేసింది. ఆ తర్వాత అతను మానేశాడు. ఊరంతా నమ్మింది, అక్క ఒక్కతే నమ్మలేదు. అతని అన్నం నేటికీ తిన్నె మీదే.

సంగవికిప్పుడు విరుదునగర్‌లో మిరపకాయలు ఎగుమతి చేసే కంపెనీలో పని. ఆ రోజు స్టెఫాన్ అనే జర్మనీ వ్యాపారికి చేను చూపించి భోజనానికి తీసుకొచ్చింది. వ్యాన్ తోలిన చెల్లసామి ఎప్పటిలాగే తిన్నె మీద కూలబడ్డాడు. ఫోన్ మోగి సంగవి పెరట్లోకి వెళ్ళగానే, స్టెఫాన్ పొడవాటి పచ్చసీసా తీసి వీరమ్మాళ్‌కు రెండు చేతులా అందించాడు. దాని మీద ద్రాక్షగుత్తి బొమ్మ ఉంది.

చుట్టం తెచ్చింది చుట్టం ఆకు పక్కనే పెట్టి, ఇంటివాళ్ళూ కలిసి తీసుకోవాలి. ఆ ఇంటి మర్యాద అది. మూత తిప్పి వాసన చూస్తే పూలూ, పచ్చిమామిడీ గుర్తొచ్చాయి. తనకు తెలిసిన సారాయం కంపు ఇసుమంత లేదు. ద్రాక్షరసమే అనుకుని స్టీలు లోటాల్లో పోసింది. స్టెఫాన్ సైగచేసి ఆమెనూ కూర్చోబెట్టాడు.

కారంకారంగా ఉన్న నాటుకోడి కుళంబు పులుసు తిని అతని చెవులు కందిపోయాయి. ఒక గుక్క తాగి హాయిగా నిట్టూర్చాడు. వీరమ్మాళ్ లోటా పెదాలకు తగలకుండా ఎత్తి పోసుకుంది. కాస్త తీపి, కాస్త పులుపు, చల్లగా దిగింది.

"అబ్బ! కారం ఎట్ట అణిగిపోయ!" అంది.

ఎండుచేపల వేపుడుతో ఇంకా బాగుంది. రసం అన్నంతో మాత్రం పొసగలేదు, ఇద్దరూ ఒకేసారి మొహం చిట్లించి నవ్వుకున్నారు. ఆమె మరో లోటా పోసుకుంది.

సంగవి లోపలికొచ్చి నోరెళ్ళబెట్టింది. "అమ్మా! ఏం తాగతా ఉండావు? అది ద్రాచ్చసారాయమ్మా! రీస్లింగ్ అని, జర్మనీ వైను!"

వీరమ్మాళ్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. సారాయం! తన ఇంట్లో, తన లోటాలో, తన గొంతులో!

"తెలియక తాగినావు, ఇడిసిపెట్టమ్మా," అంది సంగవి.

"తెలియకనే. అయినా బాగుండాదని ఇంకోటి పోసుకుంటి గదే!"

స్టెఫాన్ బిక్కచచ్చి చూస్తుండగానే ఆమె తన ఆకును అన్నంతో సహా ఎత్తింది. గడప దాటి, తమ్ముడి ఆకు పక్కన పెట్టి తిన్నె మీద కూర్చుంది. చెల్లసామి అదిరిపడి లేచాడు.

"అక్కా! ఏమక్కా ఇది?"

"తాగినోళ్ళ ఆకు బయటనే గదరా," అంది వీరమ్మాళ్. "నువ్వు మానేసినావని అందురూ చెప్పినారు. నేనే నమ్మలే. నీ ఆకు ఎత్తుకోని లోపలికి పో తమ్ముడూ."

తెరిచిన తలుపులోంచి, లోపల అక్క ఇందాక కూర్చున్న ఖాళీ చోటు కనిపిస్తోంది. చెల్లసామి అటు చూస్తూ నిలబడ్డాడు గానీ, గడప దాటలేదు.