సింహాచలం గారింటి కాలర్ ఐడీ

2001 వేసవిలో నన్ను టెక్కలి నుంచి పలాస టెలిఫోన్ ఎక్స్ఛేంజికి బదిలీ చేశారు. హోదా జేటీఓ, అంటే జూనియర్ టెలికాం ఆఫీసర్. కాలర్ ఐడీ సదుపాయం అప్పుడప్పుడే మా ప్రాంతానికి వచ్చింది. మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య, చేసినవారి నంబరును ఎక్స్ఛేంజి పంపిస్తుంది. ఫోను పక్కన పెట్టిన చిన్న పెట్టె దాన్ని చూపిస్తుంది. పనికిమాలిన కాల్స్ వస్తున్నాయని ఫిర్యాదు చేసే చందాదారులకు దీన్ని సిఫారసు చేయమని పైనుంచి ఆదేశం.

ఆ ఫిర్యాదుతో మొదట వచ్చినవారు జీడిపప్పు వ్యాపారి సింహాచలం గారు.

"ఎవుడో రోజూ ఫోన్ సేత్తన్నాడండి. నాను హలో అంటే పలక్కండా కాసేపుండి పెట్టీత్తాడు. తిట్టని తిట్టు నేదు. అయినా సిగ్గు నేదు" అన్నారు.

పెట్టె గురించి చెప్పాను. దొంగ దొరికాడన్నంత సంబరంగా ఒప్పుకున్నారు. కాగితాల మీద భార్య నీలవేణి గారి చేత సంతకం చేయించి తెచ్చారు. మర్నాడే మా లైన్‌మన్ వెళ్లి పెట్టె బిగించి వచ్చాడు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చారు.

"ఆడు భయపడిపోనాడండి. పెట్టె వొచ్చిన కాడ్నించి ఒక్క కాలూ నేదు. ఇంక దాంతో పనేటి? తీసీయండి."

సదుపాయం అంత బాగా పనిచేసినందుకు నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. అయితే కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వారే రద్దుకు దరఖాస్తు పెట్టాలన్నది నిబంధన. ఆ ఫోను నీలవేణి గారి పేరున ఉంది. ఆ మాట చెప్పేసరికి ఆయన కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు.

రక్తపోటు ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నారట. అప్పటినుంచి ఇంట్లో ఎండుచేపలు బంద్. అందుకని ఊళ్లోనే ఉన్న వాళ్ల అప్ప, అంటే అక్కగారి ఇంటికి వెళ్లి తిని వస్తున్నారు. మొన్న అక్కడి నుంచే ఇంటికి ఫోను చేశారు.

"బారువలో జీడిపిక్కలు తూయిత్తన్నాను, బోయినానికి రానన్నానండి. 'బారువ నంబరు మీ అప్ప ఇంటి నంబరులాగుందేటి?' అనీసింది."

నేను నవ్వు ఆపుకుని, సంతకం తప్పదన్నాను. మర్నాడు దంపతులిద్దరూ వచ్చారు. నీలవేణి గారు సంతకం చేయనన్నారు.

"మరి ఆ కాల్స్ ఆగిపోయాయటగా" అన్నాను.

"ఆగిపోనేదు బాబూ. అవి మా అమ్మ సేసినవి. హరిశ్చంద్రపురం నించి. అల్లుడి గొంతు ఇంటే మొహమాటం, పలక్కండా కాసేపుండి పెట్టీత్తాది. పెట్టె వొచ్చినాక, ఈయన కొట్టుకెళ్లిన తరవాతే సెయ్యమన్నాను."

సింహాచలం గారు బెంచీ మీద కూలబడ్డారు. "అయితే నా తిట్లు?"

"అన్నీ ఇంది. నీకు సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకుంది. 'అల్లుడికి ఊరికే అంత కోపం మంచిది కాదమ్మా, బీపీ సూపించు' అంది. అందుకే కదా నిన్ను ఆసుపత్రికి తీసుకెల్లింది."

అంటే, అత్తగారిని తిట్టడం వల్ల రక్తపోటు బయటపడింది, దానివల్ల ఎండుచేపలు పోయాయి. ఆయన ఇదంతా మనసులో లెక్క వేసుకోవడం ముఖంలో తెలుస్తూనే ఉంది.

చివరకు ఆయనే అన్నారు. "తీయొద్దు లెండి. అత్త నంబరు కనబడితే నానింక ఫోనెత్తను."

నీలవేణి గారు కొంచెం మెత్తబడ్డారు. ఎండుచేపలు నీళ్లలో బాగా నానబెట్టి అప్పుడప్పుడు ఇంట్లోనే వండుతానన్నారు. ఆయన తల ఊపారు. అప్ప ఇంటికి వెళ్లడం మానేస్తానని మాత్రం అనలేదు.

ఆ తరువాత కాలర్ ఐడీ సిఫారసు చేసిన ప్రతిసారీ నేను రెండు మాటలు చెప్పేవాణ్ణి. మీకు ఫోను చేసినవారెవరో ఇది చెబుతుంది. మీరు ఎక్కడి నుంచి ఇంటికి చేశారో ఇంట్లోవాళ్లకూ చెబుతుంది. మొదటి మాట విని ఉత్సాహపడ్డవారిలో కొందరు, రెండోది విన్నాక ఇంట్లో అడిగి వస్తామని లేచేవారు. పలాసలో దరఖాస్తులు తగ్గాయేమని మా పై అధికారి అడిగితే, ఆలోచించుకుంటున్నారండీ అని జవాబిచ్చాను.

ఒక వస్తువును మంచిదని సిఫారసు చేసేవాడు, అది ఎవరి సంగతి ఎవరికి చూపిస్తుందో కూడా చెప్పాలి. కొనేవాడికి ఒక్కడికే చెబితే చాలదు. దాన్ని వాడే ఇంట్లో అందరికీ చెప్పాలి.