పెద్దమామ పాము మంత్రం

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. నుదుటి నిండా విభూతి పూసుకున్న మనిషి, వేపమండతో పాముకాటుకు మంత్రం వేస్తున్నాడు. మా చిన్నమామ. కింద అందరూ దండాలు పెట్టారు. నేను ఫోను బోర్లించేశాను.

ఆ మంత్రం మా పెద్దమామది. ధరూర్ దగ్గర మా అమ్మ పుట్టిల్లు. పొలాల్లో ఎవరిని పాము కరిచినా పెద్దమామ దగ్గరికే పరుగెత్తుకొచ్చేవారు. ఆయన నిష్ఠ మామూలుది కాదు. సోమవారం ఒక్కపొద్దు; స్నానం కానిదే మంచినీళ్లు ముట్టడు; అత్త ఉల్లిగడ్డ కోస్తే ఆ పూట జపం పశువుల కొట్టంలోనే. అంతటి మనిషీ పాముకాటు అనగానే ముందు అరిచేది మోటార్‌సైకిల్ తాళం కోసం. కరిచిన కాలు కదలకుండా కర్రబద్ద కట్టేవాడు. చిన్నమామ బండి నడిపితే, మధ్యలో ఆ మనిషి, వెనక పట్టుకుని పెద్దమామ. గద్వాల దవాఖాన దాకా చెవిలో మంత్రం చదువుతూనే ఉండేవాడు.

"మంత్రం ఉండంగ దవాఖాన ఎందుకు మామా?" అని ఒకసారి అడిగాను.

"విషానికి సూదే దిక్కు బిడ్డా. గా సూది పడేదాంక మనిషి భయంతోని పరేషాన్ కావద్దు గద. గందుకే మంత్రం" అన్నాడు.

నిజానికి నాకు చిన్నమామంటేనే ఎక్కువ ఇష్టం. జాతరలో నన్ను భుజాల మీద తిప్పింది, సైకిల్ నేర్పింది ఆయనే. మోకాళ్లు పట్టేశాక పెద్దమామ తమ్ముడికి మంత్రం ఇచ్చాడు. బండి కదిలాకే మంత్రం మొదలుపెట్టాలని దేవుడి పటం ముందు మాట తీసుకున్నాడు. చిన్నమామ కళ్లనీళ్లతో చేతిలో చెయ్యి వేశాడు. నేను అక్కడే ఉన్నాను.

కొన్నాళ్లు అలాగే నడిచింది. బతికినవాళ్లు మంత్రాన్నే పొగిడారు గానీ సూది సంగతి ఎవరూ ఎత్తలేదు. చిన్నమామకు ఆ పొగడ్త రుచించింది. మెల్లగా బండి తీయడం మానేశాడు. కరిచేవాటిలో విషం లేని పాములే ఎక్కువ కాబట్టి చాలామంది లేచి నడిచి వెళ్లారు, శాలువాలు కూడా కప్పారు.

ఒక వానాకాలం పత్తి చేలో కలుపు తీస్తుంటే పక్కింటి వదినను పాము కరిచింది. చిన్నమామ ఆమెను మధ్యాహ్నం దాకా వాకిట్లోనే పడుకోబెట్టాడు. కబురు తెలిసి పెద్దమామ కర్ర పట్టుకుని వచ్చేసరికి ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి. ఆటో పిలిపించి తానే వెంట కూర్చున్నాడు. దవాఖాన చేరకముందే ఆమె పోయింది.

అప్పటికి నాకు పెళ్లయింది. చావుకు వెళ్లాను. వదిన భర్త అందరి ముందూ నిలదీస్తే, చిన్నమామ నేల చూస్తూ "నాకేం తెల్సు? అన్న ఎట్ల నేర్పిండో గట్లనే చేసిన" అన్నాడు.

 తమ్ముడు ఆ మాట సరిదిద్దుకుంటాడేమోనని పెద్దమామ అలాగే చూస్తూ నిలబడ్డాడు.

ఉండబట్టలేక నేనే అన్నాను: "దేవుని ముందర మాటిచ్చినవ్ గద చిన్నమామా!"

"పరాయింటి దానివి, మా ఇంటి ముచ్చట నీకెందుకు?" అన్నాడు చిన్నమామ. నన్ను భుజాల మీద తిప్పిన మనిషి.

ఆ తర్వాత ఎవరిని పాము కరిచినా పెద్దమామ ఆటోలో వెంట వెళ్లేవాడు, చెయ్యి పట్టుకుని మౌనంగా. మంత్రం ఎందుకు చదవడంలేదని అడిగితే, "నోరు తెరిస్తె వాని గొంతే ఇనబడ్తది బిడ్డా" అన్నాడు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఊరు వదినను మరిచిపోయింది, పెద్దమామ మీద పడిన నిందను మాత్రం ఇంకా మరవలేదు. కాలం ఏది దాచుకోవాలో, ఏది పారేయాలో మనల్ని అడగదు.