అత్త పుక్కిట పట్టిన నీళ్లు

పోయిన నెల శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ దర్శనం అయ్యాక, అడవి చెక్‌పోస్టులో చీటీ రాయించుకుని, మా ఆవిడా నేనూ కొండలో ఉన్న ఊట దాకా నడిచాం. సునై అంటారు దాన్ని మావాళ్లు. గంటన్నర నడక. నా మోకాళ్లు దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాయి. ప్లాస్టిక్ సీసాల కోసం సంచి వెతికిన గార్డు, నాలుగు దాటితే లోపల ఉండకూడదని తమిళంలో రెండుసార్లు చెప్పి మరీ పంపాడు. రెండు బండల సందులోంచి చప్పుడు లేకుండా ఊరుతున్నాయి నీళ్లు. అవి పారిన మేరా రాయి ఎర్రబారి ఉంది. దోసిట పట్టి తాగాను. ఇనుప రుచి, తుప్పు పట్టిన మేకు నాలుక మీద పెట్టుకున్నట్టు. "ఏంది, ఈ నీల్లు ఇట్లుండాయి" అని మా ఆవిడ ఉమ్మేసింది. నేను ఉమ్మలేకపోయాను. అక్కడే బండ మీద కూలబడ్డాను. అరవైకి దగ్గరపడ్డ మనిషికి సిగ్గుతో చెవులు కాలడమేమిటని మీరు నవ్వవచ్చు గాని, కాలాయి.

మాది కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కూ నడుమ ఒక నల్లరేగడి పల్లె. వానను నమ్ముకున్న సేద్యం. సెప్టెంబరు నడిమిన మొదలయ్యే తమిళ నెల పురట్టాసిలో, విత్తే ముందు ఆ ఊట నీళ్లు తెచ్చి విత్తనాల మీద చల్లడం మావాళ్ల ఆనవాయితీ. ఆ తెచ్చే పని మా మేనత్తకు వాళ్లమ్మ నుంచి వచ్చింది. కాపురం చెడి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి అత్త. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆమెను ఎవరూ ముందుకు రమ్మనేవారు కాదు. ఈ ఒక్క పనికి మాత్రం ఊరంతా ఆమె వెనక నడిచేది. తెచ్చిన నీళ్లు చేను గట్టున అందరి ముందూ ఒక గుక్క పుక్కిట పట్టి, మింగి, "సరే" అనాలి. ఆమె ఆ మాట అంటేగాని ఎవరూ విత్తనాల గంపల మీది గుడ్డ తీయరు. ఆ ఒక్క పూట అత్త నడకే వేరుగా ఉండేది.

నాకు పంతొమ్మిదేళ్ల వయసులో, సరిగ్గా విత్తే రోజులకు, అత్త కాలు బెణికింది. నేనప్పుడు విరుదునగర్‌లో కాలేజీ చదువు, దానికి తోడు కాస్త పొగరు. "నువ్వు పోయిరా నాయినా. యవురి సేతికీ ఇయ్యొద్దు, కింద పెట్టొద్దు," అని అత్త ఇత్తడి చెంబు నా చేతికిచ్చింది. శ్రీవిల్లిపుత్తూరులో దిగాను. పాలకోవా తిన్నాను. బాగుందని ఇంకో పొట్లం తిన్నాను. కొండ దిక్కు పోయే బస్సు రాలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గాని, నిజానికి వచ్చింది, నేనే లేవలేదు. ఎండ మండుతోంది, కాళ్లకు కొత్త చెప్పులు. టీకొట్టు పక్కనున్న కుళాయి కింద చెంబు పట్టి, కొండ ఎక్కినట్టు కనబడాలని పంట్లాం అంచులకు బురద కూడా పూసుకున్నాను. ఆ బురద వెతుక్కోవడానికి పడ్డ పాట్లు నడకకు పడి ఉంటే సగం దారి పోయి ఉండేవాణ్ని.

మర్నాడు చేను గట్టున అత్త ఒక గుక్క పుక్కిట పట్టింది. మింగడానికి మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు పట్టింది. నా వైపు చూసింది. కాలు నొప్పేమో అనుకున్నాను. "సరే," అంది. గంపల మీది గుడ్డలు లేచాయి. ఆ ఏడు వాన రెండు జల్లులు కురిసి మొహం చాటేసింది. మొలిచిన మినుము మొలిచినట్టే మాడిపోయింది. చెంబులో నీళ్లకూ ఆకాశంలో వానకూ సంబంధం లేదని కాలేజీలో చదివిన నాకు తెలుసు. ఊరికి అలా కాదు. పెద్దలు మా పంచలో కూర్చుని అడిగితే అత్త, "నేను పోకుండా ఇంకొకర్ని పంపిస్తిని. తప్పు నాదే, పిల్లోణ్ణి ఏమీ అనొద్దండి," అంది. ఆ పిల్లోడు తలుపు చాటున నిలబడి అంతా విన్నాడు. మరుసటి ఏడు చెంబు వేరే ఇంటి కోడలి చేతికి పోయింది. పాపం, అత్త ఏమీ తెలియకుండానే నింద మోసిందని ఇన్నేళ్లూ ఆమె మీద జాలిపడుతూ వచ్చాను. నా జాలి తగలబడ.

ఏటా ఈ ఇనుప రుచి ఎరిగిన నోరు, కుళాయి నీళ్లని మొదటి గుక్కకే పోల్చుకుని ఉంటుంది. అక్కడే ఉమ్మేసి ఉంటే నా మొహం మీద ఊరు ఉమ్మేది, ఆమె చెంబు ఆమెకే ఉండేది. మింగింది. ఆ తర్వాత విత్తే రోజున ఆడవాళ్ల గుంపులో అందరికన్నా వెనక నిలబడేది. నేను సెలవులకు వెళ్తే, "తింటివా నాయినా" అనడమే తప్ప, ఆ చెంబు మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

"పొద్దుపోతాది, లెయ్యండి," అంది మా ఆవిడ. లేచాను. ఆ చెంబు చేయి జారాక అత్త ఇంకో పద్నాలుగేళ్లు బతికింది. ఒక్క మాట చెప్పుకోవడానికి నాకు కాలం చాలలేదని మాత్రం ఎవరితోనూ అనలేను.