నూలుకు రంగులద్దిన చిన్నాయన

మా చిన్నాయనకు మాట కంటే ముందు చెయ్యి లేచేది. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే పని ఆయనది. మూత్రం ఎర్రగా వస్తే, "అది నేనద్దే రంగే, ఒంట్లకు దిగింది" అని ఏడాదంతా కొట్టిపారేసిండు. దవాఖానకు పోదామన్నందుకు చిన్నమ్మ పెదవి పగలగొట్టిండు. కరీంనగర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేదాన్ని, నేను ఊరుకుంటనా? గల్లా పట్టి తీసుకపోయిన.

మూత్రాశయంలో క్యాన్సర్, ఆపరేషన్ చెయ్యాలన్నరు. కణాలకు శక్తినిచ్చే అణువులను బట్టి రోగం ఎంత ముదిరిందో చెప్పొచ్చా అని అక్కడ పరిశోధన కూడా జరుగుతుంది. దానికోసం మూత్రం పట్టి ఇమ్మన్నరు. గడ్డకు బలం ఎట్ల వస్తుందో అందులో వెతుకుతరని నేనే చెప్పిన.

"నా బలం తిని అది బలుస్తుందా?" అని నిండు డబ్బాను గోడకేసి కొట్టిండు. గోడ మీద నెత్తురు నీళ్లు కారినయ్. "ఆపరేషన్ లేదు, ఏం లేదు, నడువుండ్రి!"

"ఇంకా కొట్టు చిన్నాయనా, క్యాన్సర్ గోడకే ఉన్నది గద!" అన్న.

నా మీదికి చెయ్యి లేపిండు. చిన్నమ్మ ఆ మణికట్టు పట్టుకున్నది. గుంజుకున్నడు, రాలే.

"ఇంకో డబ్బా ఇయ్యి బిడ్డా" అని చిన్నమ్మ నర్సును అడిగి, ఆయన దిక్కు తిరిగింది. "పోసి రా. ఆపరేషన్ చేయించుకోకుంట సచ్చినవో, పాడె మీదనే తంత."