పైకప్పు లేని కారు కొన్న మామయ్య

మొన్న మంగళవారం పొద్దున దుమ్ముగూడెం నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అని, ఇంకేమీ అనలేక ఫోన్ పక్కవాళ్లకిచ్చింది. మామయ్య ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుందని మాకందరికీ తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు.

ఉద్యోగమంతా మణుగూరు బొగ్గు బాయిలో, భూమి లోపలే చేసిన మనిషి. రిటైరయ్యాక ఆయన కోరింది ఒక్కటే: పైకప్పు లేని, ఇద్దరు కూర్చునే పాతకాలపు స్పోర్ట్స్ కారు. అసలుది కొనడం మహారాజులకే చెల్లు కాబట్టి, అదే రూపులో ఫైబర్ బాడీతో ఇక్కడ కట్టిన నకలు చాలన్నాడు. ముసలితనంలో ఇదేం పిచ్చని చుట్టాలు నవ్వారు. డాక్టరు మాత్రం, తోలాలని ఉంటే ఊపిరి సహకరిస్తున్నప్పుడే తోలమన్నాడు. తప్పు బండి కొంటే ఆ కాస్త కాలమూ రిపేర్లకే పోతుంది. అందుకే నన్ను వెంటబెట్టుకుని జాగ్రత్తగా వెతికాడు.

మొదటిది హైదరాబాదులో చూశాం. ఎర్రటి బండి, ఎనిమిది సిలిండర్ల విదేశీ ఇంజిన్. తాళం తిప్పకముందే మామయ్య బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. చల్లగా ఉంటే మొరాయిస్తుందని మనం రాకముందే అమ్మేవాడు వేడి చేసి పెట్టాడని మామయ్య నా చెవిలో అన్నాడు. ఇంజిన్ గర్జించేసరికి నాకు మాత్రం ఆ బండే కొనాలనిపించింది. లోపాలేమైనా ఉన్నాయా అనడిగితే, బండి బంగారమన్నాడు అమ్మే అతను. రిపేరుకు సామాను ఎక్కడ దొరుకుతుందంటే బయటి దేశం నుంచి తెప్పిద్దామన్నాడు. మామయ్య టీ కూడా తాగకుండా లేచాడు.

పెనుబల్లిలో ఇలాంటి బండ్లు స్వయంగా కట్టే మెకానిక్ ఉన్నాడని తెలిసి అక్కడికి వెళ్లాం. అతను పెట్టింది రోజూ రోడ్డు మీద కనిపించే మామూలు కారు ఇంజిన్. కుట్టుమిషన్‌లా చప్పుడు చేస్తుంటే నేను మొహం ముడుచుకున్నాను. మామయ్య చిన్న కర్ర తీసుకుని బాడీ అంతా తట్టుతూ, చెవి ఒగ్గి వింటూ చుట్టూ తిరిగాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును అలాగే తట్టి చూస్తారట. గట్టిగా మోగితే కింద నిలబడొచ్చు, బోలుగా పలికితే రాయి విడిందని అర్థం. ఎడమ తలుపు దగ్గర కర్ర ఆగింది. ఆయన నోరు తెరవకముందే మెకానిక్ అన్నాడు.

"అక్కడ పగిలింది సార్, నేనే అతికించాను. వానొస్తే లోపలికి నీళ్లు కూడా దిగుతయ్."

మామయ్య నవ్వాడు. ఆర్సీలోని నంబరూ ఇంజిన్ మీది నంబరూ సరిచూసుకుని అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు.

తిరుగు దారిలో దమ్మపేటలో టీకి ఆగినప్పుడు, ఆ ఎర్ర బండిని ఎందుకు వదిలేశావని పోరు పెట్టాను.

"గా సప్పుడుతోటి నాకేం పని బిడ్డా. కరాబైతే కొత్తగూడెంల సామాన్ దొర్కాలె. ఇగ అమ్మే మనిషంటవా, పైకప్పు యాడ మంచిగ లేదో ముందే చెప్పేటోని ఎంబడే నేను బాయిల దిగిన. గట్లనే బతికొచ్చిన."

ప్రాణం కాపాడుకోవడానికి నేర్చిన చెవి సరదా బండి దగ్గర కూడా పని మానలేదే అని ఇప్పటికీ అబ్బురపడుతుంటాను. ఆ బండి ఒక్కసారి కూడా ఆయన్ని నడిదారిలో ఆపలేదు. మొదట్లో సిగ్గుతో ముఖానికి కొంగు కప్పుకున్న అత్తమ్మ, తర్వాత్తర్వాత ఆయన కన్నా ముందే ఎక్కి కూర్చునేది.

పోయిన నెల ఆయనకు స్టీరింగ్ తిప్పే ఓపిక లేకపోయింది. నన్ను తోలమని పక్క సీట్లో కూర్చున్నాడు. అడవిలోకి రాగానే తల వెనక్కి వాల్చాడు. ఆయనకు ఆయాసం ఎక్కువవడం చూసి, ఆపనా మామా అనడిగాను.

"ఆపకు," అన్నాడు.

టేకు కొమ్మల సందుల్లోంచి ఎండ ఆయన ముఖం మీద పడుతోంది, పోతోంది, మళ్లీ పడుతోంది. ఆయన కళ్లు మూసుకోలేదు, పైకే చూస్తున్నాడు.