చేయి లేదని తగ్గించిన బేరం

దయ్యాన్ని ఎవరైనా అమ్మకానికి తెస్తే, కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయని వంక పెట్టి ధర తగ్గించమనే రకం నేను. ప్రొద్దుటూరులో పాత్రల అంగడి గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కంటికి కనబడని సరుకును నమ్మడం మా ఇంటా వంటా లేదు. ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది కూడా అందుకే.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో ఒమన్ దేశంలోని నిజ్వాలో నాకు చిన్న స్టీలు సామాన్ల అంగడి ఉండేది. అక్కడి బజారులో పాత వస్తువులమ్మే ముసలాయన దగ్గర ఒక పాలరాతి బొమ్మ చూశాను. ఆడమనిషి, నా భుజం దాకా వస్తుంది. తెల్లదొరల కాలంలో మన దేశంలోనే ఎవరిదో సమాధి మీద నిలబెట్టారట. ఎప్పుడో ఓడెక్కి ఇటు చేరింది. పీఠం మీద పేరు అరిగిపోయింది, పద్దెనిమిది వందల నాటి సంవత్సరం సగం మిగిలింది. జుట్టు విరబోసుకుని, తల వంచి, ఎడమచేత్తో ఒక కలశాన్ని పట్టుకుని ఉంది. నోరు మూసే ఉంది. కన్నీటి చుక్క లేదు. ఏడుపంతా ఆ మెడ వంపులోనే చెక్కాడు శిల్పి.

కుడిచేయి మణికట్టు దగ్గర విరిగిపోయింది. నాకు కావలసిన వంక దొరికింది.

“చెయ్యే లేదు. ఇది ఎవర్ని ఓదారుస్తుంది?” అన్నాను హిందీలో.

“నువ్వు కొనేది బొమ్మనా, బంధువునా?” అని ముసలాయన నవ్వాడు. ధర మాత్రం తగ్గించాడు.

ఏదైనా హోటలుకు అమ్మొచ్చని, మనుషుల్ని పెట్టి మోయించి, అంగడి వెనక గదిలో నిలబెట్టాను. పాత రాయి కదా, తాకితే సున్నంలా తెల్లపొడి అంటుకునేది.

ఓబులమ్మది కడప వైపు. దగ్గర్లో ఒక ఇంట్లో పని చేసేది. శుక్రవారం మా అంగడికొచ్చి ఊరికి ఫోన్ చేసుకునేది. ఒక శుక్రవారం పొద్దున ఫోన్ పెట్టేసి కదలకుండా నిలబడిపోయింది. వాళ్ళమ్మ పోయింది. మట్టి కూడా చేసేశారు.

మా వైపు చావింట్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఏడవరు. వచ్చినామె మెడ పట్టుకుంటారు, ఇద్దరూ కలిసి శోకం తీస్తారు. పట్టుకునే మెడ దొరికేదాకా ఏడుపు గొంతులోనే ఉంటుంది.

“ఆ ఇంట్లో ఏడ్సేకి లేదు న్నా, చుట్టాలొచ్చినారు. మెడ పట్టుకునేకి ఒక్క ఆడమనిసి గుడక లేదీడ,” అంది.

నాకేం తోచక, వెనక గదిలో కూర్చోమన్నాను. కాసేపటికి “నన్నిడ్సి యాడికి పోతివి మ్మా” అని శోకం వినబడింది. తొంగి చూస్తే బొమ్మ మెడ పట్టుకుని ఏడుస్తోంది. నేను వచ్చి తలుపుకెదురుగా కూర్చున్నాను. ఆ గదికి వేరే దారి లేదు. కిటికీ లేదు.

ఆమె బయటికి వచ్చేసరికి బురఖాలాంటి నల్ల అబాయా ముందంతా తెల్లపొడి. అది సరే. ముఖం కడుక్కోవడానికి అటు తిరిగింది. వీపు మధ్యలో తెల్లగా ఒక అరచేయి, ఐదు వేళ్ళు. ఎదురుగా నిలబడి దగ్గరికి తీసుకున్నవాళ్ళ కుడిచేయి.

నా చేతులు చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి. ఆమె చేయి అక్కడికి అందదు, అందినా అటు తిరగదు.

“నువ్వేనా న్నా, ఈపు నిమిరింది? కండ్లు మూసుకోనుంటి. పానం నెమ్మదైంది,” అంది.

కాదంటే భయపడుతుందనిపించింది. ఊఁ అన్నాను. దుమ్ము అంటిందమ్మా అని కొత్త తువ్వాలు తెచ్చి నేనే దులిపేశాను. ఉన్న ఒక్క ఆనవాలూ అలా పోయింది.

కొన్నాళ్ళకు ఆమె ఊరికి వెళ్ళిపోయింది. పోయేముందు చెప్పడానికి వచ్చింది.

“మా యమ్మ పోయిన దినం నువ్వు పెట్టిన చెయ్యి మర్సిపోను న్నా.”

బేరమాడకుండా నాకు దక్కిన మంచిమాట అదొక్కటే. అదీ నాది కాదు. ఆరోజైనా చెప్పి ఉండాల్సింది. తన దుఃఖంలో పాలుపంచుకున్నది ఇంకో ఆడమనిషేనని ఆమెకు తెలియదు. ఇప్పుడు చెబుదామన్నా ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

ఆ తర్వాత మస్కట్ నుంచి ఒక హోటలాయన బొమ్మ చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, అచ్చం నేను చేసినట్టే, విరిగిన మణికట్టు మీద వేలు పెట్టాడు.

“దీనికి చెయ్యి లేదు కదా?” అన్నాడు.

బేరంలో నేను మాటకు తడుముకున్నది లేదు. ఆ రోజు మాత్రం లేదనీ అనలేకపోయాను, ఉందనీ అనలేకపోయాను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ అంతే.