ఆదోనిలో పావురాలు ఇచ్చి వచ్చిన దినం

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయి సాయంత్రానికి వాపసు వచ్చేదానికి ఇంత రాయాల్నా అని మీరు అడగొచ్చు. బస్సులో గంటాపావు ప్రయాణం. ఇరవై ఏండ్లుగా వారం విడిచి వారం పోయిన దారే. కానీ గంపలో పావురాలు తీసకపోయి, వాటిని అక్కడే ఇచ్చేసి ఉత్త చేతులతో రావడం ఇదే మొదలు. పావురాలు సాకేవాళ్లు ఎవరైనా ఎప్పుడో ఒకనాడు ఈ దారి పట్టాల్సి వస్తే పనికొస్తుందని రాస్తాండాను.

ముందు ఇంటి సంగతి చెప్పాల. నేను కరెంటు మోటార్లకు రివైండింగు చేసేవాణ్ణి. నా భార్య నాగరత్న మగ్గం నేసేది, పెండ్లికి ముందు నుంచీ నేసిన చెయ్యి. నాకు పావురాల పిచ్చి. ఆదివారం వచ్చిందంటే గంపలో నాలుగు పావురాలు వేసుకుని, మా బిడ్డ శిరీషను వెంటబెట్టుకుని ముగ్గురం బస్సెక్కేవాళ్లం. ఒక వారం ఆదోని, ఒక వారం ఉరుకుంద, సెలవులుంటే హొళగుందో పత్తికొండో. అక్కడ పావురాలను విడిచి, ఏదో ఇంత తిని, తిరుగు బస్సెక్కి, మేము ముందు ఇల్లు చేరుతామా అవి చేరుతాయా అని చూసుకోవడం. మా ఇంట్లో సినిమా అయినా షికారు అయినా అదే. శిరీష ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి 'విడిచిన టైము', 'చేరిన టైము' అని రాసేది. దాదాపు ప్రతిసారీ పావురాలే గెలిచేవి. ఒకసారి పత్తికొండలో విడిచిన పావురం నాలుగో దినం కాళ్లకు టమాట రసం పూసుకుని వచ్చింది. టమాట ట్రాక్టరెక్కి మార్కెట్టంతా తిరిగి వచ్చినట్టుందని నాగరత్న కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె అట్ల నవ్వి చానా కాలమైంది.

మా ఊర్లో ఎవరికి దగ్గు వచ్చినా నూలు దుమ్మే అంటారు. నాగరత్నకు దగ్గు పట్టుకుని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినప్పుడు మేమూ అదే అనుకున్నాం. వీధిలో అందరూ అదే అన్నారు. రెండేండ్ల కిందట మగ్గం విప్పి అమ్మేసినాం. మగ్గం గుంట పూడ్చి పైన సిమెంటు చేయించినాం. దగ్గు మాత్రం పోలేదు. కర్నూలులో నర్సు పని చేసే శిరీష, పోయిన ఎండాకాలం వాళ్లమ్మను ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసకపోయింది. ఆయన ఫిల్ము చూసి అడిగిన మొదటి మాట, "ఇంట్లో పక్షులు ఏమన్నా ఉన్నాయా అమ్మా?" పావురాల రెట్ట ఎండి లేచే దుమ్ము, ఈకల పొడి ఈమె ఊపిరితిత్తులకు పడదంట. ఇంకొన్నాళ్లు ఇట్లనే పీలిస్తే అవి గట్టిపడి మందుకు కూడా లొంగవని చెప్పినాడు. అంటే నా పావురాలు చేసిన పనికి ఆమె మగ్గం పోయింది. ఈ మాట ఇంట్లో మేమిద్దరం ఒక్కసారి కూడా పైకి అనలేదు.

మరి ఆ ఎండాకాలం నుంచి ఇన్ని నెలలు ఎందుకు ఉంచుకున్నావు అంటే, ఇచ్చే మనసు రాకనే. గూళ్లకు పరదా కట్టినాను. దినమూ నీళ్లు చల్లినాను. ఆమెను మిద్దె ఎక్కొద్దన్నాను. ఊరికే విడిచేస్తే పోవా అని కొందరడిగినారు. యాడ విడిచినా అవి మా మిద్దెకే వస్తాయి, ఇరవై ఏండ్లు నేను నేర్పిందే అది. పోయిన నెల ఒకసారి గంప ఎత్తుకుని ఆదోని పోయి, బస్టాండులో రెండు టీలు తాగి, అదే గంపతో తిరిగి వచ్చినాను. తీసుకుంటానన్న మహబూబ్ భాయ్ ఊర్లో లేడని అబద్ధం చెప్పినాను. నాగరత్న ఆయనకు ఫోను చేసి కనుక్కుంది. ఈ ఆదివారం పొద్దున నేను పావురాలను పట్టి గంపలో వేస్తాంటే, చీర మార్చుకుని, మూతికి మాస్కు కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"నువ్వెందుకు? దుమ్ము పడదు కదా నీకు" అన్నాను.

"నువ్వొక్కడివే పోతే మల్లా ఎనిక్కి తెస్తావు" అనింది.

ఏడూ నలభైకి బస్సు దొరికింది. నాగరత్న డ్రైవరు వెనక ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నేను పదకొండు పావురాలతో ఆఖరు సీట్లో. ఇన్నేండ్లు పక్కపక్కన కూర్చుని పోయిన దారిలో ఆమె కొప్పు తప్ప నాకేమీ కనపడలేదు. కండక్టరు ఆమెకు జీరో టికెట్టు కొట్టి, నాకూ గంపకూ టికెట్టు కొట్టినాడు. పావురాలతో బస్సెక్కేవాళ్లకు ఒక మాట. గంప మీద తడిగుడ్డ కప్పండి, చీకటిగా ఉంటే అవి గలాటా చేయవు. గూట్లోంచి తీసే ముందు మేత పెట్టొద్దు.

నా పక్కన నడివయసు కూలీ మనిషి కూర్చున్నాడు. పేరు ఈరన్న, ఆరేకల్లు కాడ దిగాల. గంపలో గురగురలు విని తడిగుడ్డ కొంచెం ఎత్తి చూసినాడు.

"పావరాలు అమ్మేకా అన్నా?"

"కాదు. తెలిసినాయనకు ఇచ్చేకి."

"ఊరికే ఇచ్చేట్లయితే నాకొకటి ఇయ్యప్పా. మా నాయనకు పక్షవాతం కొట్టింది. పావరం రకతం పూస్తే కాలు లేస్తాదంటారు."

రక్తం పూస్తే కాలు లేవదు, డాక్టరుకు చూపించమన్నాను.

"డాక్టర్ల కాడికి తిరిగి తిరిగే అన్నా, పావరం కాడికి వచ్చింది" అన్నాడు. మల్లా అడగలేదు. ఆరేకల్లు కాడ వెనక్కి చూడకుండా దిగిపోయినాడు. నాకు చెప్పే దమ్ము ఉంటే, మా ఇంట్లో ఈ పావురాలే ఒకరి ఊపిరి తీస్తాండాయని చెప్పాల్సింది.

తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ ఉండగా ఆదోని బస్టాండులో దిగినాం. ఎప్పటి అలవాటు ప్రకారం ఎదురు సందులోని హోటలుకు పోయినాం. బొరుగుల వగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆదోని పోయి అది తినకుండా వచ్చేవాళ్లు నాకు తెలిసి లేరు. గంప బయట పెట్టి కూర్చున్నాం. బజ్జీల నూనె పొగకు నాగరత్నకు దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. పక్క టేబులు వాళ్లు లేచి వేరే చోట కూర్చున్నారు. ఆమె రెండు పిడికిళ్ల వగ్గాని తిని, బజ్జీలు నా ప్లేటులోకి తోసింది. శిరీష చిన్నప్పుడు ఇదే హోటల్లో తల్లీబిడ్డా మిరపకాయ బజ్జీల కోసం కొట్లాడేవాళ్లు.

పదికి ముందే ఆటోలో కోటకొండ కింద మహబూబ్ భాయ్ ఇంటికి చేరినాం. సైకిళ్లు బాగు చేసే మనిషి, అరవై దాటినాయి. ఆయన గూళ్లన్నీ ఇంటి నడిమి అంగణంలోనే ఉన్నాయి. నాగరత్నను వీధి గడప కాడ నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టినాడు. నేను లోపల గంప విప్పినాను. ఆయన ఒక్కొక్క పావురాన్నీ చేతిలోకి తీసుకుని, ముక్కు తెరిచి, రెక్క విప్పి చూసి, పేరడిగి పక్కన పెట్టినాడు. పెద్ద పావురాలను కొత్త ఇంట్లో నిలపాలంటే ఒక రెక్క ఈకలు దారంతో కట్టేస్తారు. ఎగరలేక అక్కడే జోడీ కట్టి, గుడ్డు పెట్టి, పిల్లను లేపితే, అప్పుడది దాని ఇల్లవుతుంది. ఆ తర్వాతే దారం విప్పుతారు.

ఆఖరున గాజుకండ్లది వచ్చింది. పన్నెండేండ్ల పెంటి, టమాట రసం కాళ్లతో వచ్చింది అదే. మహబూబ్ భాయ్ దాన్ని చానాసేపు చూసినాడు.

"మిగతాయి నిలుస్తాయి భాయ్. ఈ ముసల్ది నిలవదు. ఇది ఇంక గుడ్డు పెట్టదు. రెక్క ఇప్పిన దినమే మీ ఇంటికొస్తాది. దీన్ని జిందగీ అంతా కట్టే ఉంచాల."

"దీనికి నేను కడతాను" అన్నాను.

దారం నాగరత్న తెచ్చిందే. మగ్గం పోయినాక మిగిలిన నూలు కండె ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చింది. నేను గాజుకండ్లదాన్ని ఒళ్లో పెట్టుకుని రెక్క మీద రెండు చుట్లు చుట్టి, ముడి వేసినాను. వేస్తాండంగానే నాకు తెలుసు. రెండు దినాలు అది ముక్కుతో పీకితే ఊడిపోయే ముడి. అట్ల అనుకుని వేసినానా, చెయ్యే అట్ల వేసిందా అంటే, అనుకునే వేసినాను. ఆమె ఊపిరి సంగతి ఆ నిమిషం నా తలలో లేదు. ఇది నిజం, దాచిపెట్టి రాయడంలో అర్థం లేదు.

గడప కాడి నుంచి నాగరత్న లేచింది. కొంగు తీసి మాస్కు పైన ఇంకొక చుట్టు చుట్టుకుంది. వద్దు వద్దని మహబూబ్ భాయ్ అంటానే ఉన్నాడు. వచ్చి నా ముందు కూర్చుని, నా ఒళ్లోని పావురాన్ని తీసుకుంది. నా ముడిని ఒక్క వేలితో లాగితే ఊడొచ్చింది. దారం మల్లా చుట్టి, తెగిన పోగును నేతగాళ్లు అతికే ముడి వేసింది. రెండు వేళ్లు అటొకటి ఇటొకటి కదిలినాయి, అంతే. ఆ ముడి ఊడదు, తెంపాల్సిందే. రెండేండ్లుగా ఆ వేళ్లు ఆ పని చేయలేదు. పావురాన్ని గూట్లో పెట్టి, బయటికి పోయి, గోడ పట్టుకుని చానాసేపు దగ్గింది. మహబూబ్ భాయ్ ఇంటామె వేన్నీళ్లు తెచ్చి ఇచ్చింది. అన్నం తినిపొమ్మన్నారు. తినబుద్ధి కాలేదు.

బట్టల బజారు చూసి పోదామని నాగరత్నే అనింది. ఆదోనికి వచ్చి ఆ వీధి తిరగకుండా ఆమె ఎప్పుడూ పోలేదు. ఒక అంగట్లో చీరలు వేయించుకుని, పైన చూడకుండా తిరగేసి అడుగు వైపు చూసింది. అంచు కాడ గోటితో తడిమింది. "మిషన్ది" అని మెల్లగా అనుకుంది. అంగడాయన ఇంకో పది చీరలు విప్పినాడు. ఏమీ కొనలేదు. పక్కన హోటల్లో చెరొక పెరుగన్నం తిన్నాం.

మూడూ పదికి తిరుగు బస్సు. గంప మహబూబ్ భాయ్ కాడనే విడిచి వచ్చినాం కాబట్టి ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. కిటికీ పక్కన నేను. ఆరేకల్లు దాటింది. నేను ఆకాశం వైపు చూస్తాండాను. వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి పావురాలను వెతకడం మాకు ఇరవై ఏండ్ల అలవాటు.

"ముడి కావాలనే వదులుగా వేసినావు కదా" అనింది.

లేదనబోయి, అవునన్నాను.

"వస్తే ఏం జేద్దామనుకున్నావు?"

"ఏమీ అనుకోలే."

"నేను ఏమైపోతానని కూడా అనుకోలే."

ఆమె కోపంగా అనలేదు. అడ్డం వచ్చే దగ్గును ఆపుకుంటా, ముందు సీటు కడ్డీ పట్టుకుని అనింది. దగ్గు సర్దుకున్నాక మల్లా మొదలుపెట్టింది.

"మగ్గం ఇప్పి తీసకపోయిన దినం నువ్వు యాడుండావో గ్యాపకముందా?"

లేదన్నాను. నిజంగానే లేదు.

"మిద్దె మీద. పావరాలకు జొన్నలేస్తాంటివి. నేను కిందనుంచి రెండుసార్లు పిలిస్తి. అంతా పోనీలే, నేను చేత్తో పోగు విసిరి నేసిన నాడె ఒక్కటన్నా ఉంచుకుందామా అని అడగల్లనుకుంటి. నువ్వు దిగేతలికి వాళ్లు బండికెత్తుకుని పోయిరి."

అంతే. నా భుజానికి తల ఆనించి కండ్లు మూసుకుంది. ఒకవైపు పీకిన పత్తి చేలు, ఇంకోవైపు కోసిన కంది చేలు. ఊరొచ్చేదాకా నేను కిటికీలోంచి చూడలేదు. చూసేదానికి సిగ్గయింది.

నాలుగూ ఇరవై ఐదుకు ఎమ్మిగనూరులో దిగినాం. ఇల్లు తెరిస్తే నడిమింట్లో మగ్గం గుంట పూడ్చిన చోట సిమెంటు కొంచెం నల్లగా, వేరుగా కనపడింది. రెండేండ్లుగా దాని మీదనే తొక్కుకుని మిద్దె మెట్లెక్కుతాండాను. ఈరోజు పక్కనుంచి పోయినాను.

మిద్దె మీద గూళ్లన్నీ విప్పినాను. రెట్ట గోకి, బ్లీచింగు పౌడరు చల్లి, మూడు డ్రమ్ముల నీళ్లు పోసి కడిగినాను. పొద్దుగూకింది. గూళ్లు విప్పేటప్పుడే ఒక మూలన శిరీష నోటుబుక్కు దొరికింది, అట్ట ఎలుకలు కొట్టినాయి. ఇరవై ఏండ్ల ఆదివారాలు. విడిచిన టైము, చేరిన టైము. తిరిగి రాని పావురాల కాడ చేరిన టైము గడి ఖాళీగా ఉంది. డేగ పట్టిందని తెలిసినా అక్కడ ఏమీ రాయనిచ్చేది కాదు ఆ బిడ్డ. ఎప్పుడన్నా వస్తుందేమో నాయనా, ఉండనీ అనేది.

ఆఖరు పేజీలో ఆదోని అని రాసి, పదకొండు పేర్లూ రాసినాను. విడిచిన టైము, పదకొండు గంటలు. చేరిన టైము గడిలో పది పేర్లకు ఎదురుగా ఇంక రావని గీత కొట్టుకుంటా వచ్చినాను. గాజుకండ్లదాని కాడ కలం ఆగింది. ఆగిందంటే నేనే ఆపినాను. తలెత్తి ఆదోని దిక్కు చూసినాను. ఆకాశంలో ఏమీ లేదు. కింద నాగరత్న దగ్గింది.

దానికీ గీత కొట్టి, నోటుబుక్కు మూసి, మెట్లు దిగినాను.